నీలం దారం కట్టిన తాళంచెవి

ఆ ఉదయం నేను ఒక అబద్ధం మీద సంతకం పెట్టాను. పెడుతుంటే నా చెయ్యి వణకలేదు.

ఎంపిక రోజున మాకు మొదటి పని అదే. అభ్యర్థులు లోపలికి రాకముందే, వాళ్ళకు మార్కులు వేసే ఇద్దరం చెరో కాగితం తీసుకుంటాం. ఈ రోజు వస్తున్నవారిలో నాకు ముందే తెలిసినవారు, బంధువులు, స్నేహితులు, శత్రువులు ఎవరూ లేరు అని దాని మీద ఉంటుంది. శత్రువులు అన్న మాట నిజానికి అందులో లేదు, అది నేను కలిపాను. తెలిసినవాళ్ళు ఉంటే లేచి తప్పుకోవాలి. ఆ రోజు జాబితాలో ఐదు పేర్లున్నాయి. నాలుగోది కర్టిస్ హాల్వర్సన్, నీటి ఇంజనీరు, అరవై మూడేళ్ళు, ఊరు రెడ్ డీర్. నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పగల పేరు అది.

"నీ మొహం చూస్తే ఎవర్నో కొరికేలా ఉన్నావు, ఒడెట్ తల్లీ," అన్నాడు క్లారెన్స్ పెన్నీ, బూట్లకంటిన మంచు దులుపుకుంటూ. క్లారెన్స్‌ది న్యూఫౌండ్‌లాండ్. ఆడవాళ్ళందరూ తల్లులే, మగవాళ్ళందరూ నాయనలే అతనికి. ముప్పై ఏళ్ళు పడవలు కట్టడం నేర్పి, ఇప్పుడు నా పక్కన కూర్చుని మనుషుల్ని ఏరుతున్నాడు. తన కాగితాన్ని చదవకుండానే సంతకం గీకేశాడు. "నాకు తెలిసినవాళ్ళంతా సముద్రం అడుగునో మట్టి అడుగునో ఉన్నారు. నాకేం బెంగలేదు," అన్నాడు.

మా సంస్థ పని ఇది. మలావీలోనో, గయానాలోనో ఒక ఆసుపత్రి, ఒక బడి, ఒక సహకార సంఘం ఫలానా పని తెలిసిన మనిషి కావాలని అడుగుతుంది. మేము కెనడా అంతా గాలించి ఆ మనిషిని వెతికి రెండేళ్ళకు పంపుతాం. జీతం ఉండదు, బస, బత్తెం ఉంటాయి. మంచి మనసు ఒక్కటే పెట్టుకుని వచ్చేవాళ్ళను మర్యాదగా వెనక్కి పంపడం నా ఉద్యోగంలో సగం. ఆ రోజు మాత్రం మర్యాద సంగతి నేను ఆలోచించలేదు. హాల్వర్సన్‌ని మెడపట్టి గెంటినట్టుగా పంపాలని రాత్రంతా పళ్ళు నూరుకుని వచ్చాను.

నేను పెద్ద మనసున్న మనిషిని కాను. ఈ సంగతి ముందే చెప్పేస్తే వినే మీకూ, చెప్పే నాకూ మంచిది.

పదకొండేళ్ళ కిందట నేనూ అలా ఎంపికై వెళ్ళినదాన్నే. కాన్పుల నర్సుని. మలావీలో నమిలాంబె అనే కొండమీది ఆసుపత్రిలో, నర్సులందరికీ పెద్ద అయిన మేట్రన్ ఎస్నార్ట్ కలియాతి కింద పనిచేశాను. ఆమె నన్ను చెల్లీ అనేది, నేను అక్కా అనేదాన్ని. అదే సమయంలో మా సంస్థే పంపిన ఇంజనీరు హాల్వర్సన్. బోరు వేయించి, సోలార్ పంపు పెట్టి, దానికో పంపుహౌస్ కట్టాడు. పని బాగా చేశాడు, కాదనను. పక్క ఊళ్ళో ఎవరో సోలార్ పలకలు ఎత్తుకుపోయారని ఇనప తలుపు పెట్టించి, ఎడ్మంటన్ నుంచి తెప్పించిన పిడికిలంత తాళం వేశాడు. దానికి రెండు తాళంచెవులు. ఒకటి ఈతకు వెళ్ళినప్పుడు సరస్సులో పోగొట్టుకున్నాడు. రెండోదానికి ఎస్నార్ట్ నీలం దారం చుట్టి మూడు ముళ్ళు వేసింది. ఆసుపత్రిలో తాళంచెవులన్నిటికీ ఆమె అలా దారాలు కట్టేది. మందుల బీరువాకి ఎరుపు, సరుకుల గదికి పసుపు, నీళ్ళకి నీలం.

గడువుకు రెండు నెలల ముందే, కూతురి పెళ్ళి అని చెప్పి, అతను వెళ్ళిపోయాడు. లింబాని అని అక్కడి మెకానిక్ ఒకతను ఉండేవాడు, చురుకైనవాడు. అతనికి పంపు పని నేర్పించి వెళ్ళమని ఎస్నార్ట్ పదిసార్లు అడిగింది. "చూద్దాం, చూద్దాం," అన్నాడు, చూడలేదు. అతను వెళ్ళిన నాలుగో రోజు పంపు ఆగిపోయింది. లోపల ఒక మీట ఎత్తితే చాలు, మళ్ళీ నడిచేది. తలుపుకి తాళం ఉంది. తాళంచెవి లేదు.

పంతొమ్మిది రోజులు. కొండ కింద వాగులోంచి నర్సులు, రోగుల తల్లులు, అక్కచెల్లెళ్ళు బకెట్లతో నీళ్ళు మోశారు. పన్నెండో రోజున తియామికె అనే ఇరవై రెండేళ్ళ పిల్ల, మూడో కాన్పు, పురిటి జ్వరంతో చనిపోయింది. నీళ్ళు లేక చనిపోయిందని ఏ కాగితంలోనూ లేదు. జ్వరం అని రాశారు. ఆ పన్నెండు రోజులూ చేతులు కడుక్కోవడానికి మనిషికొక గ్లాసు చొప్పున నీళ్ళు కొలిచి పోసింది నేను. కాబట్టి ఎందుకు చనిపోయిందో నాకు తెలుసు. చివరికి పట్నం నుంచి గ్యాస్ కట్టర్ తెచ్చి తలుపు కోశారు. ఆ రవ్వలు పడి లోపలున్న పంపు పెట్టె కాలింది. అప్పట్నుంచి ఆ పంపు రెండు రోజులు నడిస్తే మూడు రోజులు మూలుగుతూ వచ్చింది.

తాళంచెవి ఏదయ్యా అని సంస్థ అడిగితే హాల్వర్సన్ రెడ్ డీర్ నుంచి ఒక్క వాక్యం రాశాడు. "వంటగదిలో నర్సు ఒడెట్ చేతికి ఇచ్చి వచ్చాను."

ఇవ్వలేదు. కాని ఇవ్వలేదని ఎలా చూపించను? సంస్థ నన్ను వెనక్కి పిలిచింది. నా ఫైల్లో "ఇకపై విదేశాలకు పంపరాదు" అని రాసి, జాలిపడి ఆఫీసులో ఫైళ్ళు సర్దే పని ఇచ్చింది. పదకొండేళ్ళలో సర్దుతూ సర్దుతూ ఎంపికచేసే కుర్చీ దాకా వచ్చాను. నాకిప్పుడు యాభై ఎనిమిది. ఏడాదికి అరవై మందిని విమానం ఎక్కిస్తాను, నేను ఎక్కలేను. నా ఫైల్లోని ఆ ఒక్క వాక్యం కొట్టేస్తే రేపు పొద్దున్నే పెట్టె సర్దుకుంటాను. నా చేతులు ఇంకా కాన్పులు చెయ్యగలవు.

ఆ ఫిబ్రవరి ఎంపిక బ్రాన్సన్ అవెన్యూలోని ఒక చర్చి కింది హాల్లో జరిగింది. గుమ్మం దగ్గర తడి బూట్లు వరసగా విడిచి అందరూ సాక్సులతో లోపలికి వచ్చారు. సాక్సులతో నిలబడ్డ మనిషి పెద్దగా గొప్పలు పోలేడని నా నమ్మకం. హాల్వర్సన్ ఆ నమ్మకాన్ని వమ్ము చేశాడు. ఎడమ సాక్సుకి బొటనవేలి దగ్గర చిల్లుంది, అయినా హాలు తనదే అన్నట్టు నడిచాడు. జుట్టు తెల్లబడింది తప్ప అదే మనిషి. నన్ను చూసి చెయ్యి కలిపాడు. గుర్తుపట్టలేదు. అప్పుడు నాకు నడుము దాకా ఎర్రజడ, మొగుడి ఇంటిపేరు ఉండేవి. ఇప్పుడు రెండూ లేవు. అయినా, తాను పేరు పాడుచేసిన మనిషి మొహమైనా గుర్తుండొద్దా? నాకు ఒళ్ళు మండిపోయింది.

అతను అడుగుతున్న ఉద్యోగం ఏదనుకున్నారు? నమిలాంబెలో పంపు బాగుచేసే ఇంజనీరు. పంపు పూర్తిగా పడిపోయి పద్నాలుగు నెలలైంది. అప్పట్నుంచి ఎస్నార్ట్ అడుగుతూనే ఉంది, మాకు మనిషి దొరకలేదు. నెలాఖరులోగా మనిషిని ఖాయం చెయ్యకపోతే ఆ ఖాళీ రద్దైపోతుంది. ఆ రోజు వచ్చిన మిగతా నలుగురిలో నీటి పని తెలిసినవాళ్ళు లేరు. ఇదంతా తెలిసే నేను అతన్ని గెంటాలనుకున్నాను. పగపట్టిన మనిషికి లెక్కలు తెలియవని కాదు, వాటిని ఆ కాసేపు పక్కన పెట్టేస్తుంది.

మా పద్ధతి ఒకటుంది. ప్రతి అభ్యర్థీ తన గురించి చెప్పే వస్తువు ఒకటి తెచ్చి రెండు నిమిషాలు మాట్లాడాలి. ఒకామె తల్లి వాడిన కుట్టుకత్తెర తెచ్చింది. మూస్ జా నుంచి వచ్చిన ఒకతను చిన్నప్పటి హాకీ కర్ర తెచ్చి, దానికి చుట్టిన టేపు గురించి కళ్ళు చెమర్చేలా చెప్పాడు. హాల్వర్సన్ వంతు వచ్చింది. చొక్కా జేబులో చెయ్యి పెట్టి తీసి బల్ల మీద టక్కున పెట్టాడు.

ఇత్తడి తాళంచెవి. తలకి నీలం దారం, మాసి నలుపు తిరిగింది. మూడు ముళ్ళు.

"ఆఫ్రికాలో నేను మొట్టమొదట కట్టిన పంపుహౌస్ తాళంచెవి ఇది," అన్నాడు. "వచ్చేసే రోజు అక్కడి మేట్రన్ నా చేతిలో పెట్టింది. 'ఈ ఇల్లు నీది, ఎప్పుడైనా రా' అంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది పాపం. అప్పట్నుంచి అదృష్టం కోసం జేబులోనే పెట్టుకు తిరుగుతున్నా."

ఎస్నార్ట్ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను ఒక్కసారే చూశాను. అది తియామికెకి గుడ్డ చుట్టినప్పుడు.

నేను కలం కింద పెట్టాను. పెట్టకపోతే విరిగేది. "బావుందండీ," అన్నాను. "ఆ తలుపుకి తాళంచెవులు ఎన్ని?"

"ఇదొక్కటే. ఆ తాళం అక్కడెక్కడా దొరకదు. ఎడ్మంటన్ నుంచి తెప్పించాను." ఛాతీ కాస్త ముందుకొచ్చింది.

"మరి మీరొచ్చేశాక తలుపు ఎలా తీసుకున్నారో?"

అతను నవ్వాడు. "అబ్బే, వాళ్ళ దగ్గర ఇంకోటేదో ఉండే ఉంటుంది. వాళ్ళు తెలివైనవాళ్ళు, ఏదో ఒకటి చేసుకుంటారు."

హాలంతా మెచ్చుకోలుగా నవ్వింది. క్లారెన్స్ నవ్వలేదు. అతను నా చేతుల వంక చూస్తున్నాడు. "ఫొటో తీసుకోవచ్చా? మా పత్రికలో వేస్తాం," అన్నాను. హాల్వర్సన్ దారం బాగా కనపడేలా తాళంచెవిని వెలుతురుకి తిప్పి పెట్టాడు. ఎంత సహాయం చేసే మనిషో చూడండి!

పన్నెండున్నరకి భోజనం. బఠాణీ సూపు, రొట్టెలు, తీపికి బటర్ టార్టులు. నేను కోట్లు తగిలించే గదిలోకి వెళ్ళి, తడి ఉన్ని వాసన మధ్య నిలబడి, ఆ ఫొటో ఎస్నార్ట్‌కి పంపాను. పండగలకి ఒక్క మాట తప్ప మా మధ్య పదకొండేళ్ళుగా మాటల్లేవు. నిమిషంలో ఫోన్ మోగింది.

"ఎక్కడిదిది?" అంది ఎస్నార్ట్. పలకరింపు లేదు.

"అతని జేబులోది అక్కా. అన్నాళ్ళూ అక్కడే ఉంది. నువ్వే ఏడుస్తూ ఇచ్చావని చెప్తున్నాడు."

 అవతల ఎవరో బకెట్ కింద పెట్టిన శబ్దం వినిపించింది.

"నేను నీ సొరుగులు వెతికాను, ఒడెట్," అంది.

"తెలుసు. తలుపు సందులోంచి చూశాను."

"చూసి ఒక్క మాటైనా అనలేదేం?"

"నువ్వెళ్ళిపోయాక నేనూ వెతుక్కున్నాను గనక. నిజంగా ఇచ్చాడేమో, నేనే ఎక్కడో పెట్టి మర్చిపోయానేమో అనిపించింది. ఇప్పటికీ పాత కోటు తీస్తే జేబులు తడుముకుంటాను."

 నా గొంతు నిప్పుల్లో కాల్చిన ఇనుములా ఉంది. "ఇవాళే తేలుస్తాను అక్కా. ఫైళ్ళు సర్దుతుంటే దొరికిన అతని పాత ఉత్తరం నా దగ్గరుంది, తాళంచెవి బల్ల మీదుంది. రెండూ పక్కపక్కన పెట్టి అందరి ముందూ కడిగేస్తాను. జన్మలో ఇంకెక్కడికీ పోడు. నా పేరు మీద మచ్చ పోతుంది. మళ్ళీ నీ దగ్గరికి వచ్చేస్తాను."

"వద్దు. పంపించు."

"ఎవర్ని?"

"వాణ్ణే."

"నీకు మతిపోయిందా? వాడు చేసింది..."

"వాడు చేసింది నాకు చెప్తున్నావా?" ఎస్నార్ట్ గొంతు ఒక్కసారిగా లేచింది. "కసి నీ ఒక్కదానికే ఉందనుకున్నావా? తియామికె తల్లి ఇప్పటికీ ఈ కొండెక్కి వస్తుంది, నా మొహం చూసి పోతుంది, ఒక్క మాట అనదు. నువ్వు వాణ్ణి అక్కడ కడిగేస్తే ఏమవుతుంది? ఇంటికెళ్ళి సోఫాలో కూర్చుంటాడు. రెండు రోజులు బాధపడతాడు, మూడో రోజు తనకే అన్యాయం జరిగిందనుకుంటాడు. అదొక శిక్షా? ఇక్కడికి పంపు. ఇప్పుడు ఇక్కడ మరమ్మతులన్నిటికీ పెద్ద లింబాని. లింబాని కింద పనిచెయ్యమను. వాగు నుంచి నీళ్ళు మొయ్యమను, మేమందరం మోస్తున్నట్టే. ఆ తాళంచెవి మాత్రం మర్చిపోకుండా తెమ్మను."

"అతన్ని పంపాలంటే నేను నోరు మూసుకోవాలి అక్కా. నోరు విప్పితే అతను పోడు. విప్పకపోతే నేను రాలేను."

 ఈసారి ఆమె మెల్లగా మాట్లాడింది. "నువ్వొస్తే నాకెంత సంతోషమో తెలుసా? కానీ నువ్వొచ్చినంత మాత్రాన నీళ్ళు రావుగా, చెల్లీ."

ఫోన్ పెట్టేసి చూస్తే గుమ్మంలో క్లారెన్స్. చేతిలో రెండు బటర్ టార్టులు, ఒకటి నాకు.

"ఆ మనిషి నీకు తెలుసు కదా తల్లీ," అన్నాడు.

"తెలిస్తే?"

"తెలిస్తే నువ్వు లేచి తప్పుకోవాలి, ఇవాళ్టి ఎంపిక చెల్లదు. మళ్ళీ మే నెలలో."

"మేకి ఆ ఖాళీ ఉండదు."

"అదీ తెలుసు." టార్టు కొరికి, నిదానంగా నమిలి, నా కళ్ళలోకి చూశాడు. "వాడికి మంచి చేద్దామనా, చెడు చేద్దామనా?"

"చెడే," అన్నాను. అబద్ధమాడే ఓపిక లేదు.

"అయితే సరే. మంచి చేస్తానంటే భయపడేవాణ్ణి." టార్టు పొడి గడ్డం మీంచి దులుపుకున్నాడు. "నేను ఇవాళ చూసింది ఒక్కటే తల్లీ. ఒక పెద్దమనిషి సాక్సుకి చిల్లుంది. అంతకుమించి నాకేం కనపడలేదు."

మధ్యాహ్నం మార్కులు వేశాం. పని తెలుసా? తెలుసు, పదికి తొమ్మిది. ఇతరుల దగ్గర నేర్చుకునే గుణం? మూడు. న్యాయంగానే వేశాను. కలిపితే గట్టెక్కాడు. కింద షరతుల గడిలో నా చేత్తో రాశాను: స్థానిక మరమ్మతుల అధికారి లింబాని ఫిరి ఆదేశాల కింద పనిచేయాలి. సంతకం పెట్టాను. ఆ సంతకంతో నా పెట్టె మళ్ళీ అటక మీదికి ఎక్కింది. అప్పుడు మాత్రం నా చెయ్యి వణికింది, దాచుకోవడం ఎందుకు.

వారం తర్వాత ఫోన్ చేసి చెప్పాను. "మీరు ఎంపికయ్యారు. నమిలాంబె మేట్రన్ మిమ్మల్నే పేరుపెట్టి అడిగారు."

"నన్నింకా గుర్తుపెట్టుకున్నారా!" అతని సంతోషం చెప్పనలవి కాదు.

"ఒక్క రోజు కూడా మర్చిపోలేదట," అన్నాను.

ఏప్రిల్‌లో, ప్రయాణానికి ముందురోజు, కాగితాలు తీసుకోవడానికి ఆఫీసుకి వచ్చాడు. ఎండకి కొత్త టోపీ, దోమలకి కొత్త మందు. రెడ్ డీర్‌లో చర్చివాళ్ళు వీడ్కోలు విందు ఇచ్చారట, ఊరి పత్రికలో ఫొటో పడిందట. ఇల్లు రెండేళ్ళకు అద్దెకిచ్చేశాడు. అన్నీ చెప్పి, లేవబోతూ అన్నాడు, "అక్కడ అప్పట్లో మన దేశం నర్సు ఒకామె ఉండేది. ఎర్ర జుట్టు. మనిషి మంచిదే గానీ వట్టి మతిమరుపు. ఏదో తాళంచెవి పోగొట్టిందని పెద్ద గొడవైంది."

నా గుండెల్లో ఏం భగ్గుమన్నదో నేను చెప్పలేను. గొంతు మాత్రం మామూలుగానే వచ్చింది. "ఏ తాళంచెవి?"

"పంపుహౌస్..." అన్నాడు. చెయ్యి దానంతట అదే చొక్కా జేబు మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

ఒక జేబులో మేట్రన్ ఇచ్చిందన్న కథ, ఇంకో జేబులో నాకిచ్చానన్న ఉత్తరం పెట్టుకుని పదకొండేళ్ళు తిరిగాడు, రెండింటినీ ఎప్పుడూ ఒకచోట చూసుకోలేదు. ఇప్పుడు చూశాడు. మొహంలో నెత్తురు దిగిపోయింది. నా మొహం వంక, కత్తిరించిన నా జుట్టు వంక, బల్ల మీది నా పేరు పలక వంక చూశాడు. ఒడెట్ అన్న పేరు అతను రాసిందే.  

"రేపు విమానం ఏడింటికండీ," అన్నాను కాగితాలు అందిస్తూ. "తాళంచెవి మర్చిపోకండి. మేట్రన్ ప్రత్యేకం చెప్పారు."

వెళ్ళడేమో అనుకున్నాను. కానీ విందు తిన్నాడు, ఊళ్ళో ఫొటో పడింది, ఇంట్లో అద్దెకున్నవాళ్ళు దిగారు. వెనక్కి పోవడానికి మొహం చెల్లదు. మర్నాడు విమానం ఎక్కాడు.

నమిలాంబెలో రోజూ పొద్దున ఏడింటికి నర్సులు, వంటవాళ్ళు, తోటపనివాళ్ళు అందరూ చేరి ఒక ప్రార్థన గీతం పాడి, పనులు పంచుకుని లేస్తారు. అతను చేరిన మొదటి ఉదయం ఎస్నార్ట్ ఒక ఇనప ముక్క తెప్పించి అందరి మధ్యలో పెట్టించింది. కోసేసిన ఆ తలుపు ముక్క, దానికి గొళ్ళెం, గొళ్ళానికి ఇంకా వేసే ఉన్న ఎడ్మంటన్ తాళం. పదకొండేళ్ళుగా అది వాగు దారిలో పడి ఉంది, నీళ్ళు మోసేవాళ్ళు దాని మీద బకెట్ దింపి ఊపిరి తీసుకునేవాళ్ళు.

"మీ తాళం, మీ తాళంచెవి," అంది ఎస్నార్ట్. "తెరవండి."

తుప్పు పట్టిన తాళం తెరుచుకోలేదు. చెమటలు కక్కుకుంటూ చాలాసేపు తిప్పాడట. ఎస్నార్ట్ గడియారం చూసుకుంది. "రేపు చూద్దాం. రోజూ ఇదే సమయానికి, ఇక్కడే. ఇప్పుడు లింబాని దగ్గరికి వెళ్ళండి, ఏం చెయ్యాలో అతను చెప్తాడు. ముందు రెండు బకెట్ల నీళ్ళు తెచ్చి కాన్పుల గదిలో పెట్టండి."

ఇదంతా ఆమె నాకు వాట్సాప్‌లో చెప్పింది. అప్పట్నుంచి నేను నిద్ర లేచేసరికి ఆమె దగ్గర్నుంచి ఒక్క వాక్యం వచ్చి ఉండేది. "ఈ రోజూ తెరుచుకోలేదు." ఆ వాక్యం నంచుకుని కాఫీ తాగేదాన్ని. అంత రుచైన కాఫీ నా జీవితంలో తాగలేదు. తప్పంటారా? అనండి.

జులై మొదటి వారంలో లింబాని, హాల్వర్సన్ కలిసి పంపు నడిపించారు. ఎస్నార్ట్ ఏమీ రాయలేదు, కుళాయి కింద బకెట్ నిండుతున్న చప్పుడు రికార్డు చేసి పంపింది. ఆఫీసులో తలుపు వేసుకుని పద్నాలుగుసార్లు విన్నాను, బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. తర్వాత సొరుగు తీసి ఆ పాత ఉత్తరం చూసుకున్నాను. దాన్నీ, తాళంచెవి ఫొటోనీ కలిపి బయటపెడితే నా ఫైల్లో వాక్యం పోతుంది, మర్నాడే అతన్ని వెనక్కి పిలిపిస్తారు. లింబాని పూర్తిగా నేర్చుకునేదాకా అతను అక్కడ ఉండాలి. సొరుగు మూసేశాను. 

నీళ్ళొచ్చినా పొద్దుటి తాళం మానలేదు. అతను ఒక్క రోజూ తప్పించుకోలేదట. నూనె పోశాడు, గీకాడు, వేడి చేశాడు. లింబాని దగ్గరుండి చూసేవాడు, నవ్వేవాడు కాదు. ఒక రోజు తియామికె తల్లి కూడా వచ్చి చివర్న కూర్చుందని, ఆ రోజు అతను తలెత్తలేదని ఎస్నార్ట్ రాసింది.

సెప్టెంబరులో ఒక ఉదయం వాక్యం మారింది.

"ఇవాళ తెరుచుకుంది. అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాడు. తియామికె పేరు చెప్పి, నీ పేరు చెప్పి క్షమించమన్నాడు. ఏం చెయ్యమంటావు?"

కాఫీ కలపబోతున్నదాన్ని ఆగిపోయాను. 'పోనీలే అక్కా' అని రాశాను. దాన్ని చూసుకున్నాను. నా చేతి వేళ్ళు రాశాయి గానీ నా కడుపు రాయలేదు. చెరిపేశాను. కొలిచి పోసిన గ్లాసుల నీళ్ళు గుర్తొచ్చాయి. నా సొరుగులు వెతుకుతున్న ఎస్నార్ట్ వీపు గుర్తొచ్చింది. అప్పుడు ఇలా రాశాను:

"మళ్ళీ వెయ్యమను. వేసి, తాళంచెవి లింబాని చేతిలో పెట్టమను, అందరూ చూస్తుండగా."

గంట దాకా ఏమీ రాలేదు. కాఫీ చల్లారిపోయింది. ఆఫీసుకి ఆలస్యమైనా ఫోన్ పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడ్డాను. చివరికి ఎస్నార్ట్ గొంతు వచ్చింది.

"వేశాడు. లింబాని చేతిలో పెట్టాడు. ఎవరి చేతికిచ్చావో గట్టిగా చెప్పు అన్నాను. లింబానికి అన్నాడు. ఇంతకుముందు ఎవరి చేతికిచ్చావు అన్నాను. ఎవరి చేతికీ ఇవ్వలేదు అన్నాడు. వెనకున్నవాళ్ళకి వినపడలేదు, మళ్ళీ చెప్పించాను. అందరూ విన్నారు, చెల్లీ."